వాతకు ఏడవని వీరుడు

మా ముందుగది గోడమీద ఒక జపాన్ వీరుడు ఉంటాడు. ఉన్నితో నేసిన చిన్న తివాచీ మీద బొమ్మ. ఒంటిమీది కవచం సగం జారి ఉంటుంది. వెనకాల ఒక ముసలమ్మ అతని వీపుమీద ఏదో వెలిగిస్తూ ఉంటుంది, సన్నగా పొగ లేస్తూ ఉంటుంది. వీరుడు మాత్రం మూతి బిగించి, చూపు ఎదురుగా నిలిపి, పెళ్ళి ఫోటోకు కూర్చున్న పెద్దమనిషిలా ఉంటాడు. ఇంటికి వచ్చినవాళ్ళు "ఎవరండీ ఈయన, ఇంత గంభీరంగా ఉన్నారు?" అని అడుగుతారు. జపాన్ వాళ్ళ పూర్వీకుడని చెప్పి, టీ పెట్టాలన్న వంకతో లోపలికి పోతాను. అసలు సంగతి చెప్పాలంటే నా గురించి నేనే చెడ్డగా చెప్పుకోవాలి. ఇన్నాళ్ళూ అందుకే చెప్పలేదు.

మాది ఏలూరు. తివాచీలు నేసే ముస్లిం కుటుంబం. ఇంట్లో మా తండ్రిని మేం అబ్బా అనే పిలిచేవాళ్ళం. తెలుగులో రాస్తుంటే అది ఎక్కడో నొప్పి పుట్టినవాడి కేకలా కనిపిస్తోంది, అందుకని నాన్న అనే రాస్తాను. నొప్పి అని ఎన్నడూ అనని మనిషికి ఆ కేక నప్పదు కూడా. నలభై ఏళ్ళు మగ్గం ముందు బల్లమీద వంగి కూర్చున్న నడుము ఆయనది. సాయంత్రం పూట అమ్మ మూకుడులో ఉప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి, ఆ నడుముకు కాపడం పెట్టేది. ఆ మూటను నేను చేత్తో పట్టుకోలేకపోయేదాన్ని. నాన్న మూతి బిగించి ఎదురుగోడకేసి చూస్తూ కూర్చునేవారు. "కాలుతోందాండీ?" అని అమ్మ అడిగితే "కానియ్" అనేవారు. అంతకుమించి ఒక్క మాట వచ్చేది కాదు.

ఆయన నవ్వడం కూడా నేను పెద్దగా చూడలేదు. పక్కింటి వాళ్ళ తాతగారి ఫోటోలో మీసాలు చూసి చిన్నప్పుడు నేనూ అక్కా పడీపడీ నవ్వితే, పిలిచి ఎదురుగా నిలబెట్టారు. "ఎవరి పెద్దలు వాళ్ళకి గొప్పమ్మా. నవ్వడానికి మనవెవరం?" అన్నారు. కొట్టలేదు, అరవలేదు. కానీ ఆ మాటతో ఆయన ముందు నవ్వు అనే వస్తువును మేం బయటికి తీయడం మానేశాం.

మగ్గం దగ్గర ఆయనకు ఒక నియమం ఉండేది. ఆయనకే కాదు, మా పేటలో నేతగాళ్ళందరిదీ అదే పద్ధతి. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని ముడులు వేస్తారు. పక్కవాడి ముడి తప్పితే అరవకూడదు, పదిమందిలో చెప్పకూడదు. వాడు మంచినీళ్ళకు లేచినప్పుడు ఆ ముడి విప్పి, సరిగ్గా వేసి, ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. వాడు తిరిగొచ్చి చూసుకుంటాడు, అర్థం చేసుకుంటాడు. చేయించుకున్న షావుకారుకు మాత్రం తెలియదు. "తప్పు అందరి చేతుల్లోనూ ఉంటుంది, దాన్ని కప్పడవే పనితనం" అనేవారు నాన్న. ఇంత మంచి పద్ధతి ఇంత చెడ్డపని చేస్తుందని నేను అనుకోలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరుని. పొద్దున్నే పాసింజరు ఎక్కి వెళ్ళి, సాయంత్రం అదే పట్టాల మీద తిరిగొచ్చేదాన్ని. అప్పటికి మా వీధిలో మగ్గాలు నాలుగు మిగిలాయి. మా ముందుగదిలో మగ్గం ఎనిమిది నెలలుగా ఖాళీ. నాన్న రోజూ దాని ముందు కూర్చుని, పడుగు దారాలు బిగించి, మళ్ళీ వదులు చేసేవారు. వానలు వెనకపట్టేలోగా పని రాకపోతే మగ్గం విప్పేస్తానని అమ్మతో అన్నారు. మగ్గం లేని ముందుగదిలో నాన్న ఎక్కడ కూర్చుంటారో నాకు ఊహకు రాలేదు. నిజం చెప్పాలంటే భయం వేసింది.

అలాంటప్పుడు ఒక ఆదివారం బెజవాడ నుంచి ఏజెంటు వచ్చాడు. మద్రాసులో జపాన్ వాళ్ళు ఒక హోటలు పెట్టుకున్నారట. గోడలకు తివాచీలు కావాలట. మూడు బొమ్మల రంగు జిరాక్సులూ, ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఒకటీ తెచ్చాడు. "ముందు ఒకటి నేసి పంపండి. నచ్చితే మిగతా రెండూ, ఆ పైన ఇంకో ఎనిమిదీ మీకే. ఏడాదిన్నర పని అండీ. ఆ ఇంగ్లీషు సంగతి మీ అమ్మాయిగారు చూసుకుంటారు కదా" అని, టీ కూడా పూర్తిగా తాగకుండా బస్సుకు పోయాడు.

కాగితం నేను చదివాను. పాతకాలంలో జపాన్‌లో చెక్కమీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దేవారట. జనం చేతులెత్తి మొక్కే వీరుల్ని పట్టుకుని కొందరు చిత్రకారులు సరదాకి వెక్కిరిస్తూ అలా బొమ్మలు వేసేవారట. ఈ మూడూ అవే. ఒక వీరుడు శిరస్త్రాణం తిరగేసి పొయ్యిమీద పెట్టి చారు కాస్తున్నాడు. ఇంకొకడి గుర్రం అలిసిపోతే దాన్ని భుజాన వేసుకుని యుద్ధానికి పోతున్నాడు. మూడోవాడు ఒంటిచేత్తో రాక్షసుల్ని చంపినవాడు. నొప్పులకు వైద్యమని ఒక ముసలమ్మ వీపుమీద చిటికెడు ఆకుపొడి పెట్టి వెలిగిస్తే, ఆ వాతకు ఓర్చుకోలేక కళ్ళు గట్టిగా మూసి, నాలుక బయటపెట్టి, కాలివేళ్ళు ముడుచుకుని, ఉగ్గుపాలు వద్దన్న పసివాడిలా ముఖం పెట్టాడు. ముందుగా నేయాల్సింది ఇతన్నే. భోజనానికి వచ్చినవాళ్ళకు గోడ చూడగానే నవ్వు రావాలని చివర రాశారు. నాకు నిజంగానే వచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకున్నాను.

"ఏం రాసేరమ్మా?" అన్నారు నాన్న.

"జపాన్ వాళ్ళ పూర్వపు వీరులటండి. రాక్షసుల్ని చంపినవాళ్ళట. చెక్కమీద చెక్కి అచ్చు వేసిన బొమ్మలటండి" అన్నాను.

చెప్పినవన్నీ నిజాలే. వదిలేసింది ఒక్కటే. వెక్కిరింపు బొమ్మలని చెబితే నాన్న ఆ కాగితాలు మడిచి తిరిగి ఇచ్చేస్తారని నాకు ఖాయంగా అనిపించింది. అసలే ఆయన జన్మలో మనిషి ముఖం నేయలేదు. పువ్వులు, తీగెలు, మహా అయితే ఒక నెమలి. ముఖాలు నేయడం ఏమిటని మా పేటలో పెద్దవాళ్ళు అంటారని ముందే వెనకాడుతున్నారు. వీరుడంటే సరే, మర్యాదగా నేద్దాం అని తనను తాను ఒప్పించుకుంటున్నారు. ఆ ఒప్పుకోలును నేను చెడగొట్టదలచుకోలేదు.

మూడు రోజులు ఆయన ఆ బొమ్మను గుమ్మం దగ్గర వెలుతుర్లో పెట్టుకుని చూశారు. గళ్ళ కాగితం మీదికి దించితేనే నేయడానికి వీలు, ఒక గడికి ఒక ముడి. నాలుగో రోజు నేను స్కూలు నుంచి వచ్చేసరికి పిలిచారు.

"చూడమ్మా, ఈ మూతి ఇలా వంకరపోయిందేవిటి? బందరు వైపు గుడ్డలకి అచ్చులేస్తారు చూడు, చెయ్యి జారితే గీతలు ఇలాగే పక్కకి పోతాయి. ఇక్కడా అచ్చు జారిందంటావా?"

నిజం చెప్పడానికి అదే సమయం. అప్పుడు నోరు విప్పి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. ఆయన చేతిలో పెన్సిలు ఉంది. ఎనిమిది నెలల తర్వాత ఆ చేతికి పెన్సిలు వచ్చింది. "అయ్యుంటుందండి" అన్నాను.

"పాపం, ఎంత మంచి పనివాడో. బట్టల మీద మడతలు చూడు ఎలా చెక్కేడో. ముఖం దగ్గర చెయ్యి తప్పింది. మనవే సర్దేద్దాం, అతనిక్కూడా మాట రాకుండా ఉంటుంది" అన్నారు.

ఎప్పుడో, ఎక్కడో బతికిన ఆ చెక్క పనివాణ్ణి నాన్న తన మగ్గం మీద పక్కన కూర్చోబెట్టుకున్నారు. అతను మంచినీళ్ళకు లేచినట్టు, అతని తప్పు ముడులు ఒక్కొక్కటే విప్పి సరిచేయడం మొదలుపెట్టారు. కళ్ళు తెరిపించారు. నాలుక లోపలికి పంపారు. ముడుచుకున్న కాలివేళ్ళు చాపారు. ముసలమ్మ వెలిగిస్తున్నది సాంబ్రాణి అనుకున్నారు, అంతటి వీరుడికి ఎవరో ధూపం వేస్తున్నారనుకుని పొగను కొంచెం పెంచారు కూడా. నేను తేలు కుట్టిన దొంగలా చూస్తూ ఊరుకున్నాను.

ఊరుకోవడానికి ఇంకో కారణం ఉంది. గళ్ళ కాగితం మీద ఆ ముఖం రోజురోజుకీ తేరుకుంటుంటే నేను దాన్ని గుర్తుపట్టాను. ఉప్పు మూట నడుముకు తగిలినప్పుడు గోడకేసి చూసే ముఖం అది. తనకు తెలియకుండానే తన ముఖం గీసుకుంటున్న మనిషితో, ఇది నవ్వడానికి వేసిన బొమ్మ అని ఎలా చెప్పను? హోటలు వాళ్ళు ఇంత అందం చూసి పట్టించుకోరులే అని సర్దిచెప్పుకున్నాను. రైల్లో ఉంగుటూరు వరిచేలు కిటికీలో పోతుంటే రోజూ అదే సర్దుబాటు. సాయంత్రానికి అది సగం అరిగిపోయేది, పొద్దున్నే మళ్ళీ చెప్పుకునేదాన్ని.

నాలుగు నెలలు నేశారు. ఉన్నికి రంగులు ఆయనే వేసుకున్నారు. కవచానికి ఒక నీలం కావాలని, కొల్లేట్లో మబ్బు పట్టిన రోజు నీళ్ళుండే నీలం కావాలని, పదకొండుసార్లు ఉన్ని ముంచి ఆరేశారు. ఆ నాలుగు నెలల్లో ఆయన నడుం గురించి అమ్మ మాట ఎత్తితే "ఇప్పుడు కాదు" అనేవారు. తివాచీ దించిన రోజు వీధిలోని మిగతా మూడు మగ్గాల వాళ్ళూ వచ్చి చూశారు. ముఖం దగ్గర వాళ్ళ వేళ్ళు ఆగాయి. ఎవరూ ఏమీ అనలేదు, మా పేటలో అంతకు మించిన మెప్పు లేదు.

నెల తిరక్కముందే లారీ ఆఫీసు నుంచి మనిషి తివాచీని తిరిగి తెచ్చి ఇచ్చాడు. ఏజెంటు రాలేదు. మూటకు ఒక ఇంగ్లీషు ఉత్తరం పిన్ను చేసి ఉంది. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను చదివాను. నేత చాలా గొప్పగా ఉందని రాశారు. ఇలాంటి నీలం తాము ఎక్కడా చూడలేదని రాశారు. కానీ వీరుడి ముఖం చూస్తే ఎవరికీ నవ్వు రావడం లేదని, పైగా దిగులు పుడుతోందని, తమకు కావలసింది ఇది కాదని మన్నించమన్నారు.

"ఏవిటంటమ్మా?"

ముఖం బాగాలేదంటే, ఎందుకు బాగాలేదో చెప్పాలి. ఎందుకో చెబితే ఐదారు నెలల కిందటి అబద్ధం బయటపడుతుంది. నాకు ఆ క్షణంలో తోచింది నన్ను నేను కాపాడుకోవడమే. "రంగులు వాళ్ళ గోడకి నప్పలేదటండి" అన్నాను.

ఒక అబద్ధాన్ని కప్పడానికి ఆయనకు ప్రాణమైనదాన్ని తీసి దానిమీద వేశాను. ఆ సంగతి వెంటనే తెలియలేదు. వారం తర్వాత తెలిసింది. నేను స్కూలుకు బయల్దేరుతుంటే నాన్న గుమ్మంలో నిలబడి రెండు ఉన్ని ఉండలు అమ్మకు చూపిస్తున్నారు. "ఇది నీలవా, ఆకుపచ్చా? నిజం చెప్పు" అంటున్నారు. "నీలమేనండీ" అంది అమ్మ. "నాకూ నీలంలాగే ఉంది. మరి వాళ్ళకెందుకు కనిపించలేదు?" అన్నారు.  జవాబు నా దగ్గర ఉంది, నేను రైలుకు టైమైందని పరిగెత్తాను.

తాడేపల్లిగూడెంలో మా స్కూలు దగ్గరే ఒక కళ్ళ డాక్టరు ఉంటే తీసుకెళ్ళాను. నాన్న కళ్ళు బాగున్నాయని ఆయన ఒక సర్టిఫికెట్టు ఇస్తే నా పాపం తీరిపోతుందనుకున్నాను. "ఈ వయసుకి మీ కళ్ళు చాలా బాగున్నాయండీ. సన్నగా పొర మొదలైంది, ఇప్పట్లో భయం లేదు" అన్నాడు డాక్టరు. తిరుగు రైల్లో నాన్న కిటికీలోంచి పచ్చటి చేలకేసి చూస్తూ కూర్చున్నారు. చివరికి "డాక్టరు గారికి అక్షరాలు తెలుసుగానీ, రంగులేం తెలుసమ్మా" అన్నారు. పక్క సీటాయన అరటిపండు ఇవ్వబోతే వద్దన్నారు. ఆ వారంలోనే మగ్గం విప్పేశారు. దూలాలు మా వీధి చివర టీ కొట్టాయన పట్టుకుపోయాడు. నేను ఇంకా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇప్పుడు ఎవరైనా అడిగితే, సిగ్గు అని మాత్రం చెప్పగలను. రోజు గడిచేకొద్దీ అది తగ్గలేదు, పెరిగింది.

తర్వాతి వేసవిలో మండవల్లిలో పిన్నివాళ్ళు కొత్త ఇంట్లో చేరారు. బాబాయి చేపల చెరువుల దగ్గరికి ఐసు తోలే పని చేసేవాడు. రమ్మని మరీమరీ చెబితే, ఏలూరులో బస్సెక్కి కైకలూరు మీదుగా ముగ్గురం వెళ్ళాం. నాన్నను ఇల్లు కదిలించడమే గగనమైపోయిన రోజులు అవి. వెళ్ళినా వరండాలో కుర్చీ వేసుకుని చెరువుగట్లకేసి చూస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నం వీధిలోకి పగటివేషగాళ్ళు వచ్చారు. ఒకడు వీరుడి వేషం వేశాడు. చేపలు పట్టే వెదురు ఊతను కిరీటంలా నెత్తిన బోర్లించుకున్నాడు. ఒక చేతిలో చేట డాలు, ఇంకో చేతిలో కర్రకు గుచ్చిన గుమ్మడికాయ గద. కాళ్ళు దడదడలాడించి, ఏడు లోకాలనూ రమ్మని సవాలు చేశాడు. పక్కవాడు మెల్లిగా ఒక పీతను తెచ్చి అతని కాలి దగ్గర వదిలాడు. అంతే, అంతటి వీరుడూ గద అవతల పారేసి, నాలుక బయటపెట్టి, కళ్ళు గట్టిగా మూసి, ఒంటికాలి మీద గెంతుతూ "అమ్మో, నాయనో" అని పిన్నివాళ్ళ వరండా ఎక్కేశాడు.

ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. తిరిగి చూస్తే నాన్న. కుర్చీ పట్టుకుని, దగ్గు వచ్చేదాకా, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వుతున్నారు. "చూసేవా, చూసేవా, ఆ మూతి చూసేవా" అని అమ్మ భుజం తడుతున్నారు. అమ్మ పెళ్ళయ్యాక అలాంటిది చూడనట్టే నోరు తెరిచి చూస్తోంది. నాకూ నవ్వొచ్చింది. ఆయనతో కలిసి నవ్వడం అదే మొదటిసారి.

ఉన్నట్టుండి ఆయన నవ్వు ఆగింది. వేషగాడి ముఖం వంకే చూస్తున్నారు. తర్వాత నావైపు తిరిగారు.

"అమ్మా, ఆ జపానాయన మూతి కూడా... అచ్చు జారి కాదా?"

"కాదండి."

"ఇలాగే నవ్వులాటకి వేసిందా?"

"అవునండి."

"నీకు తెలుసా?"

"మొదట్నించీ తెలుసండి" అన్నాను. రంగుల మాట కూడా అబద్ధమేనని చెప్పాను. పిన్ని వినేలా, అమ్మ వినేలా చెప్పాను.

ఆయన తిట్టలేదు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, వేషగాణ్ణి దగ్గరికి పిలిచి, పీత నిజంగా కరిచిందా అని కనుక్కున్నారు.  మర్నాడు తిరుగు బస్సులో కొల్లేటి వంతెన దాటుతున్నప్పుడు, కిటికీవైపే చూస్తూ ఒక్క మాట అడిగారు.

"నాకు నవ్వడం రాదనుకున్నావా?"

 అలాగే అనుకున్నాను. మీసాల తాతగారి ఫోటో ముందు ఆయన అన్న ఒక్క మాట పట్టుకుని, ఇరవై ఏళ్ళుగా పక్క గదిలో ఉన్న మనిషిని అంతకు మించి చూడలేదు. బొమ్మలు వేయడం నేర్పే టీచరుని నేను.

ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, మగ్గం ఉండే చోట చాప వేయించుకుని కూర్చున్నారు. "ఆ ఇంగ్లీషు కాగితం, ఉత్తరం రెండూ తీసుకురా. ముక్క వదలకుండా చదివి చెప్పు" అన్నారు. డ్రాయింగు పుస్తకాల మధ్య దాచిన వాటిని తెచ్చాను. శిరస్త్రాణంలో చారు దగ్గర ఆయన నవ్వారు. గుర్రాన్ని మోసుకుపోయేవాడి దగ్గర ఇంకా నవ్వారు. నీలం గురించి రాసిన వాక్యం దగ్గర ఆపమని చెయ్యి ఎత్తి, మళ్ళీ చదవమన్నారు. చదివాను. ఇంకోసారి అన్నారు. మూడుసార్లు చదివాను.

"ముందే చెప్పుంటే ఆ మూతి ఇంకా వంకరగా నేసేవాణ్ణి కదమ్మా" అన్నారు.

ఆ మాట అని, అలవాటుగా ఎదురుగా చెయ్యి చాపారు. అక్కడ దారాలు లేవు. చెయ్యి కాసేపు అలాగే ఉంచి, తర్వాత ఒళ్ళో పెట్టుకున్నారు. మగ్గం దూలాలు అప్పటికే టీ కొట్టు ముందు బల్లలైపోయాయి.